మామిడి కొత్త కాకముందు జి.మాడుగుల కొండల్లో ఒక లెక్కల పాఠం

నేను ప్రశ్న అడిగితే మా తరగతిలో ముగ్గురు చేతులెత్తుతారు. రోజూ ఆ ముగ్గురే. మిగిలినవాళ్ళు కిటికీలోంచి సెల్ టవర్‌నో, నా చెవి కమ్మలనో చూస్తూ బెల్లు కోసం ఎదురుచూస్తారు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెబుతాను. డస్టర్‌తో బల్ల మీద కొట్టి చూశాను, చాక్లెట్లు పంచి చూశాను, గొంతు బొంగురు పోయేదాకా అరిచి చూశాను. అరిచిన రోజు నిశ్శబ్దం వచ్చింది గానీ లెక్క మాత్రం రాలేదు. ఈ ఉద్యోగం మానేసి ఇంకేదైనా చూసుకుందామని ఆలోచిస్తుండగా పద్మ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

పద్మ బీఎడ్‌లో నా పక్క సీటు. చోడవరం పిల్ల. ఇప్పుడు జి.మాడుగుల పైన కొండల్లో ఒక చిన్న ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్. బడి మొత్తానికి ఆమె ఒక్కతే. మెసేజ్‌లో చెప్పిందిది: ఇప్పపువ్వు రాలడం మొదలైంది, దాని వెనకే చింతపండు. ఈ రెండూ వచ్చాయంటే పెద్ద పిల్లలు బడి మానేసి పెద్దవాళ్ళతో చెట్ల కిందకు వెళ్ళిపోతారు. ఐదో తరగతి చదివే దేవిని ఈసారి ఇంట్లో ఉంచేస్తామని వాళ్ళ మామ్మ తేల్చి చెప్పేసింది. గురుకులం ప్రవేశ పరీక్ష దగ్గర్లోనే ఉంది, ఇప్పుడు మానేస్తే దేవి చదువు అంతటితో ఆగిపోతుంది. "బడిలో ఏటి సేత్తారు? గోడకేసి సూత్తా కూకుంటారు" అన్నదట ఆ మామ్మ. అయితే వచ్చి చూడండని పద్మ ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ శుక్రవారం మధ్యాహ్నం బడికి పిలిచింది. "భిన్నాల పాఠం నువ్వు చెప్పవే, నువ్వు బాగా చెబుతావు" అంది నాతో. నేను బాగా చెబుతానని నమ్మే మనిషి ఈ భూమ్మీద ఒకరు మిగిలి ఉన్నారు కాబట్టి శుక్రవారం సెలవు పెట్టేశాను.

విశాఖ కాంప్లెక్స్ నుంచి పాడేరుకు తెల్లవారుజాము నుంచే ఆర్టీసీ బస్సులున్నాయి. ఐదు గంటల లోపు బయల్దేరే బస్సు ఎక్కితే మంచిది. టికెట్ రెండు వందల లోపే, ప్రయాణం నాలుగు గంటల దాకా. చోడవరం దాటాక మాడుగుల వస్తుంది. ఇది కింద మాడుగుల, మనం వెళ్ళాల్సింది కొండ మీది జి.మాడుగుల. రెండూ ఒకటే అనుకుని ఇక్కడే దిగిపోయే అమాయకులు ఉంటారట. బస్సు కాసేపు ఆగింది. మాడుగులలో ఎవరైనా హల్వా కొంటారు. నా కళ్ళు మాత్రం తట్టలో నిగనిగలాడుతున్న పచ్చి మామిడికాయల మీద పడ్డాయి. భిన్నాలకు ఇంతకంటే మంచి సామగ్రి ఏముంటుంది? ఒక కాయను నాలుగు ముక్కలు చేసి, ఉప్పూ కారం అద్ది, పావు ముక్క చేతిలో పెడితే లెక్క నోట్లోంచి కడుపులోకి దిగుతుంది. పిల్లలకు సర్‌ప్రైజ్ అని పద్మకు కూడా చెప్పకుండా ఓ సంచీడు కొన్నాను. ఆ కాయలు గుర్తుంచుకోండి.

ఘాట్ మొదలయ్యాక కిటికీ పక్కన కూర్చోండి, కానీ ఖాళీ కడుపుతో కాదు. మలుపు మలుపుకీ కింద పొలాలు చిన్నవైపోతుంటాయి, గాలి చల్లబడుతుంది, నా వెనక సీటులో పెద్దాయన నిమ్మకాయ వాసన చూస్తూ ప్రతి మలుపులోనూ డ్రైవర్‌ని దీవించాడు. పాడేరులో దిగి రెండు ఇడ్లీ, ఒక కాఫీ. అక్కడి నుంచి జి.మాడుగులకు షేర్ జీపులు తిరుగుతుంటాయి, మనిషికి యాభై. జీపు నిండేదాకా కదలదు. నిండిందని మీరనుకున్నాక ఇంకో ఐదుగురు ఎక్కుతారు. డ్రైవర్ అప్పారావు నన్ను ముందు సీట్లో సర్దాడు.

"ఏ ఊరెల్తన్నారమ్మా? కాఫీ తోటలు సూడ్డానికేటి?"

"బడి చూడ్డానికి."

అతను ఒక్క క్షణం రోడ్డు మీద నుంచి చూపు తిప్పాడు. "బడి సూడ్డానికి ఇంత దూరమా? మీ ఊళ్ళో నేవేటి బడులు?"

ఉన్నాయి, అందుకే వచ్చానని చెప్పాను. అతనికేం అర్థమైందో గానీ దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. జి.మాడుగుల సెంటర్లో పద్మ, పిల్లల్ని కాసేపు వంట చేసే అక్కకు అప్పజెప్పి, స్కూటీతో నిలబడి ఉంది. అక్కడి నుంచి పైకి సిమెంటు రోడ్డు కొంత, మట్టి దారి కొంత. ఆ ఊరి పేరు రాయడం లేదు, పిల్లల కోసం.

బడి అంటే ఒకే గది, వరండా, వరండాలో వేలాడే రైలు పట్టాముక్క గంట. మేము వెళ్ళేసరికి పిల్లలు లోపలే ఉన్నారు, చీకటితోనే లేచి పువ్వు ఏరి వచ్చినవాళ్ళు. జుట్టులో ఇప్పపువ్వు తియ్యటి వాసన, కళ్ళలో నిద్ర. నేనైతే నేరుగా "పుస్తకాలు తియ్యండి" అనేదాన్ని. పద్మ చాప మీద కూర్చుని, "ఇవాళ పొద్దున్న దారిలో ఏం కనిపించింది?" అంది. ఒకడికి ఎలుగుబంటి అడుగులు, ఒకమ్మాయికి తెగిపోయిన చెప్పు, ఇంకొకరికి పక్కింటి ఆవు. ఒక్కొక్కరిదీ ఒక్క వాక్యం, అంతే. వరస పూర్తయ్యేసరికి నిద్ర ఎగిరిపోయింది, పక్కవాళ్ళ చెవిలోనైనా సరే అందరూ ఒకసారి నోరు విప్పారు. ఒకసారి నోరు విప్పిన పిల్లకు రెండోసారి విప్పడం తేలిక అని పద్మ తర్వాత చెప్పింది.

ఆ పూట గదిలో వెనక కూర్చుని చూశాను. ప్రశ్న అడిగి "ఎవరు చెబుతారు?" అని పద్మ ఒక్కసారీ అనలేదు. అడిగి ఊరుకునేది. ఆ ఊరుకోవడం నాకే ఇబ్బందిగా అనిపించేంతసేపు ఊరుకునేది. అందరూ పలకల మీద రాసి, ఆమె చప్పట్లు కొట్టగానే పలకలన్నీ ఒకేసారి పైకి ఎత్తాలి. ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. తప్పు రాసినవాడు ఒంటరిగా నిలబడక్కర్లేదు. గోల పెరిగితే ఆమె గొంతు తగ్గించేది. ఇంకా పెరిగితే ఇంకా తగ్గించేది. ముందు వరస వాళ్ళు వినడానికి వెనక వాళ్ళను "ష్" అనేవాళ్ళు. కాసేపు కూర్చుని చేసే పని, కాసేపు లేచి తిరిగి చేసే పని. ఏదీ వాళ్ళకు విసుగు పుట్టేదాకా సాగనివ్వలేదు.

నాకు బాగా నచ్చింది జోడీ. తెలుగు తడుముకోకుండా మాట్లాడే పిల్ల పక్కన, ఇంట్లో కువి భాష తప్ప వినని పిల్ల. టీచర్‌కు చెప్పలేనిది జోడీకి తన భాషలో చెప్పొచ్చు, జోడీ తెలుగులో టీచర్‌కు చెప్పాలి. నూనె రాసి బిగించి జడ వేసుకున్న దేవి ఆ పూటంతా టీచర్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె జోడీ మల్లి, మూడో తరగతి, ఇద్దరి మాటలూ తనే మాట్లాడేసే రకం. "టీచర్, దేవక్క ఏటంటందంటే..." అని మొదలుపెడితే ఇక ఆపేది కాదు.

మధ్యాహ్న భోజనంలో అన్నం, పప్పుచారు, గుడ్డు. వంట చేసే అక్క నా కంచంలో రెండో గుడ్డు వేసి, "తినమ్మా, మజ్జానం మా ఊరోళ్ళ ముందర నిలబడాల గదా" అంది. అది జాలి పడటమో ధైర్యం చెప్పడమో తెలియలేదు.

రెండు గంటలకు పెద్దవాళ్ళు వచ్చారు. వెనక గోడకు ఆనుకుని కూర్చున్నారు. మధ్యలో దేవి మామ్మ, ముక్కుకు రెండు వైపులా పుడకలు, ఒళ్ళో మనవడు. మిగిలిన ఆడవాళ్ళంతా ఆమె ముఖం చూసి తమ ముఖాలు సర్దుకుంటున్నారు. ఈమె ఒప్పుకుంటే ఊరు ఒప్పుకుంటుందని పద్మ ముందే చెప్పింది. పద్మ వరండాలో ఇంకా వస్తున్నవాళ్ళను కూర్చోబెడుతోంది. నేను ముందుకు వెళ్ళి, గారడీ చేసేవాడిలా సంచీలోంచి మామిడికాయ తీశాను. కత్తితో నాలుగు ముక్కలు కోశాను. పుల్లటి వాసన గదంతా నిండింది. ఉప్పూ కారం పొట్లం విప్పాను.

"ఇందులో ఒక ముక్క ఎంత? చెప్పినవాళ్ళకు ఆ ముక్క ఇస్తాను!"

పొద్దుటి నుంచి పిచికల్లా ఉన్న పిల్లలు ఒక్కసారిగా తలలు దించేశారు. ముందు వరసలో ఒకడు చేతులు వెనక్కి దాచుకున్నాడు. ముక్క తీసుకెళ్ళి దేవి ముందు పెడితే చాప మీద వెనక్కి జరిగింది. నాకు మా ఆరో తరగతి కళ్ళ ముందు కనిపించింది. అలవాటైన రోగానికి అలవాటైన మందే వేశాను, గొంతు పెంచాను. "ఇంత తేలిక ప్రశ్న! ఎవరు చెబుతారు?" ఒకరు గోడకేసి చూస్తున్నారు. వెనక నుంచి మామ్మ అననే అంది, "సూసారా? నేను సెప్పనేదేటి?"

దేవి చదువు నా చేతుల్లో, నా కత్తి కింద, నాలుగు ముక్కలై పడి ఉందనిపించింది.

పద్మ గుమ్మంలో నిలబడి మామిడికాయ చూసింది. నుదుటి మీద కొట్టుకోబోయి ఆగింది. పిల్లల మధ్య చాప మీద కూర్చుని, దాదాపు వినబడనంత మెల్లగా, "జోడీతో మాట్లాడుకోండి" అంది.

గుసగుసలు మొదలయ్యాయి. దేవి మల్లి చెవిలో ఏదో చెప్పింది. మల్లి లేచి నిలబడింది.

"టీచర్, దేవక్క ఏటంటందంటే, మామిడి కొత్త అవనేదు. అమ్మోరికి పెట్టకుండా మనం తినగూడదు. ఆ టీచర్‌కి తెలీదు, ఆవిడ్ని తిట్టొద్దు అంటంది."

విషయం ఇదీ. ఈ కొండల్లో కొత్తగా కాసిన మామిడికాయను పండగ చేసి అమ్మవారికి పెట్టేదాకా ఎవరూ నోట్లో పెట్టరు. ఆ పండగే మామిడి కొత్త. రోజు నిర్ణయించేది ఊరి దిసారి, అంటే మంచి రోజులు చూసి చెప్పే పెద్ద. ఆయన ఇంకా రోజు చెప్పలేదు. ఆ ఊరి చెట్ల నిండా కాయలు వేలాడుతున్నా ఒక్క పిల్ల రాయి విసరదు. అలాంటి పిల్లల ముందు కోసిన కాయ పెట్టి, తిను, లెక్క చెప్పు అన్నాను. వాళ్ళకు ధ్యాస లేక కాదు, ధ్యాసంతా అక్కడే ఉండి నోరు కట్టేసుకున్నారు.

"మరి కోసేశారు కదా, ఇప్పుడేం చేద్దాం?" అని పద్మ పిల్లల్నే అడిగింది. మేకకు పెడదామని ఒకడు, పాతిపెడదామని ఒకడు. ఎటూ తేలక అందరూ వెనక్కి తిరిగి మామ్మ వైపు చూశారు. ఆమె మనవణ్ణి ఒక మోకాలి మీద నుంచి ఇంకో మోకాలి మీదకు మార్చుకుని తీర్పు చెప్పింది.

"ఆ గుంట కిందూరిది. ఆ కాయ కిందూరిది. కిందూరోళ్ళకి మన కొత్తేటి? అది మనం తినగూడదు, ఆ గుంట తినొచ్చు. కోసినోళ్ళే తినాల."

గుంట అంటే వాళ్ళ మాటలో పిల్ల, అంటే నేనే. గదంతా నా వైపు తిరిగింది. ఇంత మంది నన్ను ఇంత శ్రద్ధగా నా ఉద్యోగ జీవితంలో ఎప్పుడూ చూడలేదు. ఒక ముక్క తీసుకుని కొరికాను. మాడుగుల కాయ పులుపు మామూలుది కాదు. నా ముఖం ఏమైందో నాకు తెలియదు గానీ మల్లి చాప మీద పడి దొర్లింది. వెనక ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వు సద్దుమణగక ముందే పద్మ అంది, "టీచర్ ఎంత తిన్నారు? మిగిలింది ఎంత?"

మూలనున్న అడ్డాకుల కట్ట విప్పి ఒక్కొక్కరికీ ఒక్కో ఆకు ఇచ్చింది. విస్తర్లు కుట్టే ఆ ఆకులు ఏడాది పొడుగునా వాళ్ళ చేతుల్లో ఉండేవే. సగానికి మడత, మళ్ళీ సగానికి మడత. విప్పితే నాలుగు భాగాలు. ఒకటి చింపి కింద పెట్టి, మిగిలిన మూడు పైకెత్తాలి. పద్మ చప్పట్లు కొట్టింది, ఆకులన్నీ ఒక్కసారిగా లేచాయి. ముప్పావు! అందరివీ ముప్పావే!

"టీచర్, ఇంకో ముక్క తినండి!" అని అరిచారు. నా పళ్ళు అప్పటికే జివ్వుమంటున్నాయి. "సగం ముక్కే" అని బేరమాడాను. ఆ బేరంతో లెక్క ముదిరింది. ఇంకో పావులో సగం కూడా తింటే మిగిలేది ఎంత? గదిలో ఆకులు మడతపడే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. మల్లి మూడు భాగాల దగ్గరే ఆగిపోయి పక్కకు చూసింది. దేవి తన ఆకు ముక్కను ఇంకో మడత పెట్టి, విప్పి, వేలితో గీతలు లెక్కపెట్టింది. పద్మ తొందర పెట్టలేదు. దేవి ఒక భాగం చింపింది. మిగిలిన ఐదు భాగాలు పట్టుకుని లేచి, మాకెవరికీ చూపించకుండా నేరుగా వెనక గోడ దగ్గరకు నడిచింది. మామ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని కువిలో చెప్పడం మొదలుపెట్టింది. ఆకు మీద వేలు పెట్టి, మళ్ళీ నన్ను చూపించి, మళ్ళీ ఆకు మీద వేలు పెట్టి. పొద్దుటి నుంచి మల్లి చెవిలో తప్ప పెదవి విప్పని పిల్ల!

మామ్మ నవ్వలేదు. దేవి చేతిలోంచి ఆకు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అందరికీ వినబడాలని కాబోలు, తెలుగులో అడిగింది.

"అయితే ఇది సెప్పు. మన సింతసెట్టు నలుగురన్నదమ్ములది. మీ తాత వాటాలో మీ నాన్నకి సగం, మీ సిన్నాన్నకి సగం. మన ఇంటికెంత?"

నేను నోరు తెరవబోతే పద్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. దేవి కొత్త ఆకు తీసుకుంది. మడత. మడత. ఇంకో మడత. విప్పి ఒక్క భాగం చింపి మామ్మ అరచేతిలో పెట్టింది.

"ఎనిమిదో వంతు" అంది తెలుగులో. జోడీ సాయం లేకుండా, గది మొత్తానికి వినబడేలా.

మామ్మ ఆ ముక్కను పైకెత్తి పక్కనున్న తోడికోడలికి చూపించింది. "సూసావేటి, ఇంతే మాకు. నువ్వేమో యేటా మేమెక్కువ దులుపుకున్నామంటావు!" ఆ తోడికోడలు "నీ మనవరాలు నీకే లెక్క సెప్తది మరి" అని గదిమింది. ఆ గదమాయింపులో నవ్వు దాగలేదు. గోల సద్దుమణిగాక మామ్మ పద్మ వైపు తిరిగింది.

"పొద్దు పొడవక ముందు నాతో పువ్వుకి వత్తాది. నువ్వు గంట కొట్టు, బేగి తోలేత్తాను. సింతపండు మేం దులుపుకుంటాం. గుంట బడికెల్తది."

ఆ తర్వాత ఒక్కొక్కరూ తలలూపారు. త్వరలో ఒంటిపూట బడులు మొదలైతే గంట ముందుకు జరుగుతుంది కదా అని ఎవరో అడిగితే, చెట్ల దగ్గరకు వినబడేలా రెండుసార్లు కొడతానని పద్మ చెప్పింది. పెద్ద పిల్లలందరూ బడిలోనే ఉంటారు. పద్మ గట్టిగా ఊపిరి వదిలి నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బ ఇప్పటికీ తియ్యగా ఉంది.

సాయంత్రం చివరి జీపు ఐదున్నర లోపు దొరుకుతుంది, దాటితే నమ్మకం లేదు. స్టీరింగ్ ముందు మళ్ళీ అప్పారావే. మిగిలిన కాయలు అతని చేతిలో పెట్టి జరిగింది చెబితే జీపు పక్కకు ఆపి మరీ నవ్వాడు. "కొత్త అవ్వకుండా కొండెక్కిన మామిడికాయలు ఇయ్యేనమ్మా! మాది నర్సీపట్నం, మాకేం పట్టింపు నేదు, పచ్చడెట్టుకుంటాం."

సోమవారం నా ఆరో తరగతిలోకి వెళ్ళి, కుర్చీ వదిలి పిల్లల మధ్యలో కూర్చున్నాను. దారిలో ఏం కనిపించిందో ఒక్కొక్క వాక్యం చెప్పమన్నాను. ఫ్లైఓవర్ మీద ఆగిపోయిన ఆటో, గేదె ఎక్కిన డివైడర్, నాన్న హెల్మెట్ మీద వాలిన కాకి. జోడీలు కట్టాను. చేతులెత్తడం బదులు రఫ్ పేపర్లు ఒకేసారి పైకెత్తించాను. ప్రశ్న అడిగి నోరు మూసుకోవడం మాత్రం చాలా కష్టం, నాలుక కొరుక్కున్నాను. రోజూ చేతులెత్తే ఆ ముగ్గురు తెల్లబోయి చూస్తుండగా చివరి బెంచీ నుంచి ఒక పేపరు సరైన జవాబుతో లేచింది. ఆ పిల్లాడి గొంతు ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. రాజీనామా ఆలోచన ఆ బెంచీ కిందే ఎక్కడో పడిపోయింది, నేను వెతకలేదు. ఇన్నాళ్ళూ పిల్లలు ఎందుకు చూడట్లేదని విసుక్కున్నాను గానీ, చూస్తున్నవాళ్ళు ఎందుకు మాట్లాడట్లేదని ఒక్కసారీ అడగలేదు. ఆ ప్రశ్న అడగడానికి నాకు ఒక ఘాట్ రోడ్డు, ఒక పుల్లటి కాయ, ఒక మామ్మ కావలసి వచ్చింది.

మీరు వెళ్తే ఒకే ఒక్క సలహా. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండెక్కేటప్పుడు తినేవేవైనా సంచీలో ఉంటే, బయటికి తీసే ముందు "కొత్త అయిందా?" అని అడగండి. నిన్న పద్మ ఫోన్ చేసింది. దిసారి రోజు చెప్పాడట. మామ్మ నాకు కబురు పంపింది: "ఆ పులుపు గుంటని కొత్తకి రమ్మను. ఈసారి మేం తింటాం, ఆవిడ లెక్కెట్టాల." కత్తి మాత్రం దేవి చేతిలో ఉంటుందట.